అలీబాగ్ సినగాగుకు శనివారం బస్సు పెట్టకండి: తెలుగు టూర్ ఆపరేటర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నుంచి కొంకణ్ తీరానికీ, కొచ్చికీ బృందాలను తీసుకెళ్లే ట్రావెల్ సంస్థల యజమానులకు, టూర్ మేనేజర్లకు, చర్చి యాత్రలు నడిపే పెద్దలకు,

నమస్కారం.

షిర్డీ, త్ర్యంబకేశ్వర్, ముంబై ప్యాకేజీకి అలీబాగ్ కూడా కలిపి అమ్మేవాళ్ల కోసం ఈ లేఖ. మీ పట్టిక ఎలా తయారవుతుందో మాకు తెలుసు. గురువారం రాత్రి బయల్దేరడం, శుక్రవారం షిర్డీ, శనివారం సముద్రం, ఆదివారం తిరుగు ప్రయాణం. ఉద్యోగస్తుల సెలవులను బట్టి వేసిన లెక్క కాబట్టి అలీబాగ్ ఎప్పుడూ శనివారానికే పడుతుంది. బీచ్‌కీ, కొలాబా కోటకీ దానివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. ఇజ్రాయెల్ ఆళీ అనే సందులో ఉన్న మాగెన్ అబోత్ సినగాగుకు, అంటే యూదుల ప్రార్థనామందిరానికి, మాత్రం వారం మొత్తంలో అసలు వెళ్లకూడని రోజు అదే. మిగతా విషయాల్లో మీకు ఎలా తోస్తే అలా చేయండి. ఈ ఒక్క రోజు మార్చుకోండి.

ఎందుకంటే ఆ కట్టడం మ్యూజియం కాదు. 1848లో కట్టి 1910లో తిరిగి నిర్మించిన ఆ గుడి బెనె ఇజ్రాయెల్ యూదులది. తమ పూర్వీకులు రెండు వేల ఏళ్ల కిందట ఓడ పగిలి అలీబాగ్ దగ్గరి నవ్‌గావ్ ఒడ్డుకు చేరారని, ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు మాత్రమే బతికి బయటపడ్డారని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. కొంకణ్ పల్లెల్లో నూనె గానుగ ఆడించి బతికారు. శనివారం గానుగ కట్టేవారు కాదు కాబట్టి చుట్టుపక్కలవాళ్లు వీళ్లను ‘శనివార్ తేలీ’ (శనివారం పని మానే గానుగవాళ్లు) అని పిలిచారు. హీబ్రూ చాలావరకు మరుగున పడిన కాలంలో కూడా ఊరు వీళ్లను గుర్తుపట్టింది ఆ శనివారం సెలవును చూసే. సరిగ్గా ఆ రోజే మీరు నలభై ఐదు మందిని దించుతున్నారు.

1948 తర్వాత ఈ సమాజంలో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారు. మైకులో కొందరు గైడ్లు ‘తరిమేశారు’ అని చెబుతున్నారు, అది తప్పు. ఇక్కడ వీళ్లను ఎవరూ వేధించలేదు, తమంతట తామే వెళ్లారు. ఇప్పుడు దేశంలో మిగిలింది నాలుగైదు వేల మంది. వాళ్లలోనూ ఎక్కువమంది ముంబై, ఠాణే చుట్టుపక్కలే ఉంటారు. అలీబాగ్, రేవ్‌దండా, పెణ్ లాంటి చోట్ల ఉన్నవి కొద్ది కుటుంబాలు, అందులోనూ పెద్ద వయసువాళ్లు ఎక్కువ.

ఇక అసలు విషయానికి వద్దాం. సామూహిక ప్రార్థన జరగాలంటే పదమూడేళ్లు దాటిన పదిమంది యూదు పురుషులు ఉండాలి. దాన్ని మిన్యన్ అంటారు. తొమ్మిదిమందే ఉంటే ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకోవచ్చు. దేవుడు ఒక్కడే అని చెప్పే షెమా చెప్పుకోవచ్చు, నిలబడి చెప్పే అమీదా చెప్పుకోవచ్చు. దేవుణ్ని స్తుతించమని అందరినీ పిలిచే బరెఖు మాత్రం ఉండదు, పెట్టెలోంచి తోరా (మోషే ధర్మశాస్త్రం రాసిన చుట్ట) తీసి చదవడం ఉండదు, కద్దిష్ ఉండదు. కద్దిష్ అంటే పోయినవాళ్ల కోసం చెప్పేది. తల్లో తండ్రో పోయిన కొడుకు పదకొండు నెలల పాటు చెబుతాడు. పదో మనిషి రాకపోతే ఆ పూట అతను నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. పెద్ద నగరంలో ఎవరో ఒకరు వస్తారు. చిన్న ఊళ్లో పదో మనిషికి జ్వరం వస్తే అందరి ప్రార్థనా ఆగుతుంది. నియమం ప్రకారం షబ్బాత్, అంటే వారపు విశ్రాంతి దినం నాడు వాహనం ఎక్కకూడదు కాబట్టి, బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లు శుక్రవారం పొద్దు వాలకముందే వచ్చి రాత్రికి అక్కడే ఉండాలి. వానాకాలంలో గేట్‌వే నుంచి మాండ్వాకు నడిచే చిన్న పడవలు ఆగిపోతాయి. రోడ్డు మీద పెణ్, వడ్‌ఖళ్ దాటుకుని రావడానికి ఎంత సమయం పడుతుందో మీ డ్రైవర్లను అడగండి.

ఇలాంటి గదిలోకి శనివారం ఉదయం బస్సు దిగిన గుంపు వస్తే ఏమవుతుందో చూడండి. లోపల తొమ్మిదిమంది ఉన్నారు. హజ్జాన్, అంటే ప్రార్థన నడిపించే ఆయన, బరెఖు ముందు ఆగి గుమ్మం వైపు చూస్తున్నాడు. గుమ్మంలో నీడ పడింది. అందరూ తల తిప్పారు. వచ్చింది మీ ప్రయాణికుడు, తల మీద మీరిచ్చిన టోపీ. ‘మీరు యూదులా?’ అని ఒకాయన మెల్లగా అడిగాడు. కాదు. ఆయన వెనుక ఇంకో పదిమంది ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. ఎవరూ గద్దించరు, అది వాళ్ల మర్యాద. పదో మనిషి నిజంగా వచ్చేసరికి మాత్రం సందులో నిలబడ్డ గుంపును తోసుకుని రావాలి, లేదా ‘ఇవాళ ఏదో కార్యక్రమం ఉన్నట్టుంది’ అనుకుని వెనక్కి తిరగాలి.

ఇంకో సంగతి. అక్కడ మనుషులను వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టరు. కీర్తన 28లోని తొమ్మిదో వచనంలో హీబ్రూలో సరిగ్గా పది పదాలున్నాయి. మనిషికొక పదం చొప్పున దాన్ని చదువుతూ లెక్క చూసుకుంటారు. చివరి పదానికి మనిషి ఉంటే మిన్యన్ ఉన్నట్టే. మీ మేనేజర్లు గుమ్మం దగ్గర తలలు తడుముతూ లెక్కపెట్టే పద్ధతిని బస్సు దగ్గరే ముగించుకుని రావడం మంచిది.

షబ్బాత్ మొదలయ్యేది శనివారం పొద్దున కాదు, శుక్రవారం సూర్యాస్తమయానికి. దీపాలు అంతకు పద్దెనిమిది నిమిషాల ముందే వెలిగించడం వాడుక. నవంబరులో అక్కడ ఆరింటికల్లా పొద్దు వాలుతుంది, జూన్ చివర్లో ఏడూ ఇరవై దాకా వెలుతురు ఉంటుంది. కాబట్టి ‘శుక్రవారం సాయంత్రం ఐదుకి సినగాగు’ అని ఏడాది పొడుగునా ఒకే గంట అచ్చువేయడం కుదరదు. అది ముగిసేది శనివారం చీకటిపడి మూడు చుక్కలు కనిపించాక. ఆ మధ్య డబ్బు ముట్టుకోరు, రాయరు, స్విచ్ వేయరు, ఫోన్ ఎత్తరు. శుక్రవారం రాత్రి ‘రేపు ఎన్నింటికి రమ్మంటారు?’ అని పదిసార్లు ఫోన్ చేసి, జవాబు రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోవడం మన బృందాల్లో తరచూ జరిగే పొరపాటు.

ఆదివారం నుంచి గురువారం వరకు, పగలు పదకొండు నుంచి నాలుగు మధ్య వెళ్లండి. వారం ముందు చెప్పండి. పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్లు ముందే పంపండి. 2008 నవంబరులో ముంబైలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్‌పై దాడి జరిగినప్పటి నుంచి దేశంలో చాలా యూదు ప్రార్థనాస్థలాలకు కాపలా ఉంది. అక్కడికి వెళ్లాక ఆధార్ కోసం సంచులు వెతుక్కుంటూ సందులో గుమిగూడితే పోలీసులకూ, ఇళ్లవాళ్లకూ చిరాకే. బస్సు పెద్దరోడ్డు మీదే ఆపి, పదిహేనుమంది చొప్పున నడిపించండి. ఒక్కో జట్టుకు ఇరవై నిమిషాలు చాలు. మిగతావాళ్లు బీచ్‌లో ఉంటారు కదా, ఎలాగూ వాళ్లు వచ్చిందే దానికి.

లోపల ఏముంటుందో మీ గైడ్లకు ముందే చెప్పి పంపితే సగం ప్రశ్నలు తగ్గుతాయి. పడమటి గోడకు హేఖాల్, అంటే తోరా చుట్టలు ఉంచే అలమార. మన దేశం నుంచి యెరూషలేము పడమర దిక్కున ఉంది కాబట్టి ప్రార్థన ఆ వైపు తిరిగే. గది నడుమ కటకటాల వేదిక తేవా, హజ్జాన్ నిలబడేది అక్కడే. ఏలీయా ప్రవక్త కోసం వేరుగా ఒక కుర్చీ ఉంటుంది, మగబిడ్డకు సున్నతి చేసేటప్పుడు దాన్ని వాడతారు. ఫొటో కోసం అందులో పిల్లల్ని కూర్చోబెట్టకండి. తేవా మెట్లు ఎక్కకండి. గుమ్మం కమ్మికి బిగించిన చిన్న గొట్టం మెజూజా, లోపల చేత్తో రాసిన తోలుకాగితం ఉంటుంది. అది కాలింగ్ బెల్ కాదు (నవ్వకండి, నొక్కినవాళ్లున్నారు).

హేఖాల్ తెరిచి చూపించమని అడగకండి, డబ్బిస్తామని అసలే అనకండి. కారణం మొండితనం కాదు. ఒక తోరా చుట్టలో 3,04,805 అక్షరాలుంటాయి. తోలు మీద ఈక కలంతో, సిరాతో ఒక లేఖకుడు రాయడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఒక్క అక్షరం పెచ్చు లేచినా, పక్క అక్షరంతో అంటుకున్నా, సరిచేసేదాకా ఆ చుట్ట చదవడానికి పనికిరాదు. ఇక్కడ చుట్ట సరిచేయగల లేఖకుడు ఊరికొకడు దొరకడు. కొంకణ్ గాలిలోని చెమ్మే దానికి మొదటి శత్రువు. తోలు చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో బిగుస్తుంది. ఆ సాగుడుకూ ముడుచుకోవడానికీ పైనున్న సిరా పగిలి రాలుతుంది. ప్లాస్టిక్‌లో చుట్టి పెడితే లోపలి చెమ్మ బయటికి పోక బూజు పడుతుంది, కాబట్టి అదీ పరిష్కారం కాదు. అప్పుడప్పుడూ పొడి రోజు చూసి తెరిచి, చుట్టను ముందుకీ వెనక్కీ తిప్పి, మరీ బిగించకుండా మళ్లీ చుట్టి పెడతారు. మూసిన చిన్న గదిలో నలభైమంది చెమటతో, తడిసిన గొడుగులతో నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2005 జూలై వరదల్లో పన్వేల్ బెత్ ఎల్ సినగాగులోకి నీళ్లు చేరి తోరా చుట్టలు పాడయ్యాయి. అందుకే ఈ తీరంలో వాళ్లకు ఆ జాగ్రత్త ఎక్కువ. చదివేవాడు కూడా అక్షరాన్ని వేలితో తాకడు, వెండి పుల్లతో వరస చూపిస్తాడు.

పాత ప్రార్థన పుస్తకాల చిరిగిన పుటలు ఒక మూల పెట్టెలో కనిపిస్తాయి. దేవుని పేరున్న కాగితాన్ని చెత్తలో వేయరు, కొన్నాళ్లకు భూమిలో పాతిపెడతారు. ‘పాతవే కదా’ అని ఒక్క పుట కూడా జ్ఞాపకంగా తెచ్చుకోవద్దు.

ప్రార్థనలో కూర్చోవాలని మీ బృందంలో ఎవరైనా నిజంగా కోరుకుంటే, ఇద్దరు ముగ్గురికి మించకుండా, ముందే ముకద్దం దగ్గర అనుమతి తీసుకోండి. ముకద్దం అంటే ఆ సమాజపు పెద్ద. మగవాళ్లు తల కప్పుకోవాలి, రుమాలైనా చాలు. ఆడవాళ్లకు వేరే భాగం ఉంటుంది, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. అందరూ లేచినప్పుడు లేవండి. అమీదా నిశ్శబ్దంగా, పాదాలు దగ్గరగా పెట్టి చెప్పే ప్రార్థన. అది చెబుతున్న మనిషి ముందు రెండు గజాల లోపు దాటి వెళ్లకూడదు, పలకరించకూడదు. బయటికి వెళ్లాలనిపిస్తే అది ముగిసేదాకా ఆగండి. పది మందితో మొదలైన ప్రార్థనలో మధ్యలో ఒకరిద్దరు వెళ్లినా, ఆరుగురు మిగిలితే ఆ భాగం పూర్తి చేయొచ్చు. అలా వెళ్లడం వాళ్లకే ఇబ్బంది. మీరు వెళ్తే లెక్కకు ఇబ్బంది లేదు, చప్పుడుకు ఉంది.

చర్చి యాత్రలు నడిపే పెద్దలకు కొంచెం గట్టిగా చెప్పాలి. బైబిల్ చదివిన తెలుగువాళ్లకు సినగాగు చూడగానే మనసు ఉప్పొంగుతుంది, అర్థమవుతుంది. కానీ లోపల కీర్తన ఎత్తుకోవడం, హజ్జాన్ మీద చేతులుంచి ప్రార్థన చేయడం, కరపత్రం ఇవ్వడం, ‘మీరు యేసును ఎందుకు ఒప్పుకోలేదు?’ అని అడగడం ఆ ఇంటికి వెళ్లి ఆ ఇంటివాళ్ల నమ్మకాన్ని తూకం వేయడమే. ఇలాంటివి జరిగిన చోట తర్వాతి బృందానికి తలుపు తెరుచుకోదు. ఆ తర్వాతి బృందం మీది కాకపోవచ్చు, మీ పక్క వీధి ఏజెన్సీది కావచ్చు. హిందూ బృందాలకు కూడా ఒక మాట. కొబ్బరికాయ కొట్టడం, హారతి, పసుపు కుంకుమ, దండ ఏవీ లోపల వద్దు.

కానుక ఇవ్వాలనిపిస్తే మిఠాయి పెట్టె తేకండి. వాళ్ల ఆహార నియమాల్లో మాంసం తిన్నాక కొన్ని గంటలు పాలపదార్థం తినకూడదు. అందుకే వాళ్ల మాంసం కూరల్లో పెరుగు, వెన్న బదులు కొబ్బరిపాలు పడతాయి. మీ మిఠాయిలో ఏ నెయ్యి, ఏ జెలటిన్ ఉందో వాళ్లకు తెలియదు. కోయని పళ్లు, ఒక అరటి గెల, పీచు తీయని కొబ్బరికాయలు ఏ అనుమానం లేకుండా పుచ్చుకుంటారు. సీసా సారా మాటే వద్దు. షబ్బాత్ దీవెనకు చాలా ఇళ్లలో నల్ల ఎండుద్రాక్ష రాత్రంతా నానబెట్టి, నలిపి, వడకట్టిన రసమే వాడతారు. వేడిలో రెండో రోజుకే పులుస్తుంది కాబట్టి ఎప్పటికప్పుడు చేసుకుంటారు.

ఎవరైనా మిమ్మల్ని మలీదాకు పిలిస్తే మీ అదృష్టం. మొక్కు తీరినప్పుడు, పెళ్లికి ముందు, కొత్త ఇంట్లో దిగినప్పుడు ఏలీయా ప్రవక్తను తలుచుకుంటూ చేసే అర్పణ అది. కడిగి నీళ్లు ఓడ్చిన అటుకుల్లో పచ్చికొబ్బరి తురుము, పంచదారో బెల్లమో, ఏలకుల పొడి, బాదం, ఎండుద్రాక్ష కలుపుతారు. పల్చటి అటుకులైతే ముద్దవుతాయి, మందపువి కావాలి. కిలో అటుకులకు రెండు పెద్ద కొబ్బరికాయలు సరిపోతాయి, ఇంటింటికీ పాళ్లు మారతాయి. పళ్లెంలో చుట్టూ ఐదు రకాల పళ్లు. దీవెన పండును బట్టి మారుతుంది. ఆపిల్‌కూ ఖర్జూరానికీ చెట్టు పండు దీవెన. అరటి బోదె చెట్టు కాదు కాబట్టి అరటిపండుకు నేల పంట దీవెన. ఒక్కో దీవెనా అయ్యాక ‘ఆమేన్’ అంటారు, మీరూ అనొచ్చు. అది అయ్యేదాకా నోట్లో వేసుకోకండి.

డబ్బు విషయం. టికెట్ లేదు కదా అని ఉచితం అనుకోవద్దు. దీపాల నూనె, పెంకులు, కాపలా మనిషి జీతం అన్నీ ఆ కొద్ది కుటుంబాల మీదే పడతాయి. ప్యాకేజీ ధరలో మనిషికి ఇంత అని ముందే కలిపి, ట్రస్టుకే కట్టి రసీదు తీసుకోండి. వేరే డబ్బు కాపలా మనిషి చేతికి, అదీ షబ్బాత్ కాని రోజున. యూదుల్లో చాలాచోట్ల పద్దెనిమిది గుణకాల్లో ఇవ్వడం శుభం. మనకు నూటపదహార్లు అలవాటు, అవీ ఎవరూ కాదనరు.

కొచ్చికి వెళ్లేవాళ్లకు ఇదే నియమాలు మొత్తం వర్తించవు. మట్టాంచేరిలోని 1568 నాటి పరదేశీ సినగాగు టికెట్‌తో నడుస్తుంది, చైనా నుంచి తెచ్చిన నీలం రంగు పలకల నేల మీద చెప్పులు లేకుండా నడవాలి, శనివారం, యూదుల పండగ రోజుల్లో సందర్శకులకు మూస్తారు. పరవూర్, చేందమంగళం సినగాగులు ఇప్పుడు మ్యూజియంలు, అక్కడ సమాజం లేదు. వాటిని చూపించి ‘అలీబాగ్ కూడా ఇలాగే’ అని చెప్పకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ సమాజం సంగతీ అంతే. వాళ్ల చరిత్ర వేరు, వాళ్ల ప్రార్థనామందిరం వేరు. దారిలో ఉంది కదా అని బస్సు ఆపి, కులమేమిటి, ఎప్పుడు మారారు అని మైకు పెట్టి అడగడం అక్కడా మర్యాద కాదు.

చివరగా, మీకు నిజంగా డబ్బుతో ముడిపడిన సంగతి: దసరా సెలవులు. యూదుల పంచాంగం కూడా మనలాగే చంద్రుణ్ని పట్టి నడుస్తుంది, పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అధిక మాసం వేసుకుంటుంది. వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా అమావాస్య దాటగానే వస్తుంది, పదో రోజు ఉపవాస దినం యోమ్ కిప్పూర్. చాలా ఏళ్లు అది మన ఆశ్వయుజ శుద్ధ దశమి పక్కనే పడుతుంది. 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న యోమ్ కిప్పూర్, విజయదశమి ఒకే రోజు వచ్చాయి. అంటే మీ బస్సులు నిండే రోజునే వాళ్లు ఇరవై ఐదు గంటలు నీళ్లు కూడా ముట్టకుండా ప్రార్థనలో ఉంటారు. కొంకణ్‌లో పాతకాలంలో ఆ రోజున తెల్లబట్టలు కట్టుకుని, ఇంటి తలుపులు మూసుకుని కూర్చునేవారు. ఊళ్లో ఉండని కుటుంబాలు కూడా పండగలకు ముంబై, ఠాణే నుంచి వచ్చి చేరేది ఈ రోజుల్లోనే.

కొన్ని ఏళ్లు మాత్రం అధిక మాసం తేడా వల్ల నెల జరుగుతుంది. 2026లో రోష్ హషానా సెప్టెంబరు 11 సాయంత్రం నుంచి 13 వరకు, వినాయక చవితికి సరిగ్గా ముందు. యోమ్ కిప్పూర్ సెప్టెంబరు 20 సాయంత్రం నుంచి 21 రాత్రి వరకు. పందిళ్ల పండగ సుక్కోత్ 25 సాయంత్రం మొదలై, ఏడాది తోరా పఠనం పూర్తయ్యే పండగ సిమ్హాత్ తోరాతో అక్టోబరు 4న ముగుస్తుంది. ఆ ఏడు దసరా అక్టోబరు 20న కాబట్టి, దసరా బృందాలకు శుక్రవారం సాయంత్రం, శనివారం తప్పితే అడ్డేమీ లేదు. పులియని రొట్టెల పండగ పస్కా చైత్ర పౌర్ణమి దగ్గర, 2026లో ఏప్రిల్ 1 సాయంత్రం నుంచి 9 వరకు. ఆ ఎనిమిది రోజులూ పులిసిన పిండి వంటకాలేవీ ఆ ఆవరణలోకి రానివ్వరు. బస్సులో పంచే బ్రెడ్డు, బిస్కెట్ పొట్లాలు బస్సులోనే ఉంచండి.

కొత్త బ్రోచర్ అచ్చుకు వెళ్లేముందు ఈ తేదీల్లో, ప్రతి శుక్రవారం సాయంత్రం, శనివారం గళ్లలో ‘సినగాగు’ అన్న మాట కొట్టేసి, ఆ గంటకు కొలాబా కోట వేయండి. అయితే కోటకు నడిచి వెళ్లాలంటే సముద్రం పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గి, ఉండాలి, ఆ వేళలు కూడా ముందే కనుక్కోండి.

ఇట్లు,
కొంకణ్, కొచ్చి దారుల్లో తెలుగు బృందాలకు గైడ్లుగా పనిచేసే కొందరం